పూలు ఎవరి చేతికి?
బడి వార్షికోత్సవం ఏదైనా చూడండి, పూలు ఎప్పుడూ పిల్లల చేతుల్లోంచి పెద్దల చేతుల్లోకే వెళ్తాయి. ముఖ్య అతిథి గంట ఆలస్యమైతే గులాబీ పట్టుకుని గేటు దగ్గర ఎండలో నిలబడేది మూడో తరగతి పిల్ల. ఆయన దాన్ని అందుకుని, చూడకుండానే వెనకున్న మనిషికి ఇచ్చేస్తాడు. అదే పిల్ల పరుగుపందెంలో మొదట వస్తే చేతిలో పెట్టేది ప్లాస్టిక్ టిఫిన్ డబ్బానో, స్టీలు గిన్నో. తప్పుపట్టను, ఇంట్లో పనికొస్తాయి. కానీ పనికొచ్చేది వాళ్లమ్మకి. పువ్వయితే అచ్చంగా ఆ పిల్లది. భోగినాడు రేగుపళ్లు, చిల్లర నాణేలతో పాటు బంతిపూల రేకులు పసివాళ్ల నెత్తిన పోస్తాం. వాళ్లేం సాధించారని అప్పుడు ఎవరూ అడగరు. ఊహ తెలిశాక ఆ పూలు ఎందుకు ఆగిపోవాలి? పదో తరగతి ఫలితాల రోజు బొకేలంటారా, అవి 600కి 590 వచ్చినవాళ్లకే, అదీ ఫ్లెక్సీ మీద ఫొటో కోసం. ఈత నేర్చుకున్నవాడికి, లెక్కల్లో మొదటిసారి గట్టెక్కినవాడికి ఇవ్వాలంటాను నేను. మగపిల్లలకి పూలేమిటని మూతి విరిచేవాళ్లుంటారు, విరవనివ్వండి. పైన మెరుపు కాగితం చుట్టిన బొకే కూడా అక్కర్లేదు. కడియపులంకలోనో గుడిమల్కాపూర్‌లోనో పొద్దున్నే మార్కెట్‌కి వెళ్తే చామంతులు కిలోల లెక్కన దొరుకుతాయి. మిగతా ఊళ్లలో గుడి ముందు పూలమ్మే ఆవిడ ఉండనే ఉంటుంది, పిల్లాడు పాసయ్యాడని చెబితే మూర కొలిచాక ఇంకో జానెడు కొసరు కూడా వేస్తుంది.