నురగ జూపెడుతున్నరు సరే.. దాని ఎనుకున్న చెమట ముచ్చటేంది?

చైనా గిప్పుడు విదేశీ టూరిస్టులకు తలుపులు బార్లా తెరిచింది. వేరే దేశానికి పోతూ మధ్యల ఆగెటోళ్లు వీసా లేకుంటనే 240 గంటలు, అంటే పది దినాలు ఉండొచ్చని 2024 డిసెంబర్‌ల 54 దేశాలోళ్లకు సౌలతు ఇచ్చిండ్రు. అట్ల వచ్చినోళ్లకు గోడలు, కోటలు జూపెట్టుడే గాదు, చేతికి ఓ వెదురు కవ్వం ఇచ్చి చాయ్‌ చిలకమంటున్నరు. దీని పేరు దియెన్‌చా.

ఇది మన లెక్క మరగబెట్టే చాయ్‌ గాదు. తేయాకు పొడిని గిన్నెల ఏసి, జెరంత వేడినీళ్లు పోసి ముద్ద లెక్క కలుపుతరు. ఎన్కసీరి కొన్నికొన్ని నీళ్లు పోసుకుంట, తెల్లటి నురగ అచ్చేదాక చిలుకుతరు. 960 నుంచి 1279 దాక ఏలిన సోంగ్‌ రాజుల కాలంల దీనికి మస్తు నడిచింది. హుయిజోంగ్‌ చక్రవర్తి అయితే చాయ్‌ మీద ఏకంగా పుస్తకమే రాసిండు. నీళ్లు ఏడుసార్లు ఎట్ల పొయ్యాల్నో గూడ అండ్ల చెప్పిండు. పోటీలు గూడ పెట్టుకునేటోళ్లు. ఎవరి నురగ ముందుగాల ఇరిగితే వాళ్లు ఓడినట్టు. తెల్ల నురగ మంచిగ కనవడాలని నల్ల గిన్నెలు వాడేటోళ్లు.

గిసొంటి పద్ధతే జపాన్‌కు పోయి, అక్కడ నిలవడి, ఇయ్యాల హైదరాబాద్‌ కాఫీ షాపులల్ల ‘మాచా’ పేరుతోని అమ్ముడైతాంది. మరి పుట్టిన కాడ ఎందుకు మాయమైంది?

నాకు ముఖ్యమనిపించే ముచ్చట ఇదే. రాజుకు పంపే చాయ్‌ అంటే ఆకు తెంపాలె, ఆవిరి పట్టాలె, నూరాలె, అచ్చుల ఒత్తి బిళ్లలు జేయాలె. ఆ కష్టమంతా ఊరోళ్లదే. 1391ల మింగ్‌ చక్రవర్తి జు యువాన్‌జాంగ్‌ ఆ బిళ్లలు బంద్‌ జేయించి, ఉత్త ఆకే పంపమన్నడు. జనం మీద బరువు పడుతాందనే ఆ హుకుం ఇచ్చిండు. ఆయన గూడ పేద రైతు ఇంట్ల పుట్టినోడే మరి. ఆకును నీళ్లల్ల నానబెట్టి తాగుడు అలవాటై, కవ్వం మెల్లగ మూలకు పడ్డది.

గిప్పుడు టూరిస్టుల ముంగట పట్టుబట్టలు కట్టుకొని, రాజుల వైభోగం అని చెప్పుకుంట చిలుకుతున్నరు. పాత విద్యను మళ్ల లేపుడు మంచిదే. 2022ల చైనా తేయాకు పద్ధతులకు యునెస్కో గుర్తింపు గూడ అచ్చింది. పరాయోడి చేతికి కవ్వం ఇచ్చుడు మంచి ఉపాయం, చేత్తోని జేసింది మర్చిపోరు. గని రాజు కథ ఒక్కటే చెప్తే అది సగం కథే. ఆకు తెంపినోళ్లు, బిళ్లలు ఒత్తినోళ్లు, బరువు ఓర్వలేక అలసిపోయిన ఊర్లు, గదే మిగిలిన సగం.

ఏ దేశమైనా వారసత్వం అని షోకేస్‌ల వెట్టినప్పుడు మనం రెండు అడగాలె. దీన్ని ఎవరు అనుభవించిండ్రు? ఎవరు మోసిండ్రు? రెండోదానికి గూడ జవాబు చెప్పినోళ్ల చాయే నిజంగ రుచి అనిపిస్తది.