చదరంగపు పెద్దరికం

మా రూపనగుడిలో సాయంకాలం అరుగు మీద చదరంగం పరచగానే, ఆడేవారు ఇద్దరైతే ఎత్తులు చెప్పేవారు పదిమంది చేరతారు. "ఈ ఆటకు కూడా ఒక సర్కారు ఉన్నదటగా?" అని మొన్న ఒక పెద్దాయన అడిగారు.

ఉన్నది. అఖిల భారత చదరంగ సమాఖ్య 1951లో పుట్టింది. మొట్టమొదటి జాతీయ పోటీ 1955లో మన ఏలూరులోనే జరిగింది. డి. వెంకయ్యగారు, రామచంద్ర సప్రేగారు ప్రథమస్థానాన్ని సమంగా పంచుకున్నారు.

1924లో పారిస్‌లో ఏర్పడిన ప్రపంచ సంస్థ ఫిడే, ఒక్కొక్క దేశానికి ఒక్క సమాఖ్యనే గుర్తిస్తుంది. కనుక అంతర్జాతీయ రేటింగు కావాలనుకునే కుర్రవాడికి వేరే గుమ్మం లేదు. గుమ్మం ఒక్కటే అయినచోట పెత్తనం పెరగడం సహజం. తన అనుమతి లేని పోటీలలో ఆడినవారిపై సమాఖ్య చర్య తీసుకున్నది. అది తగదని 2018లో కాంపిటీషన్ కమిషన్ రూ. 6.92 లక్షల జరిమానా విధించింది.

మరి దేశానికి పరువు తెచ్చినదెవరు? 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టరైన గుడివాడ ఆడపడుచు కోనేరు హంపి వంటివారు. 2024లో బుడాపెస్టు ఒలింపియాడులో మనకు రెండు బంగారు పతకాలు వచ్చాయి. ఓపెన్ జట్టులో గుంటూరు హరికృష్ణ, వరంగల్లు అర్జున్, మహిళల జట్టులో హారిక ఆడారు.

సమాఖ్య పెద్దరికమంతా ఈ పిల్లల వేళ్ల కొసల నుంచి వచ్చినదే. బంట్లను పోగొట్టుకున్న రాజు ఎంతసేపు నిలుస్తాడో మా అరుగు మీద కూర్చున్న ఎవరినడిగినా చెబుతారు.