యువజన క్రీడా సంఘాలకు నాణ్యతా గుర్తింపు: రిజిస్ట్రేషన్ పత్రం సరిపోదు

వేసవి సెలవులు రాగానే తెలుగు రాష్ట్రాల పట్టణాలలో క్రీడా శిక్షణ శిబిరాలకు పిల్లల తాకిడి పెరుగుతుంది. రుసుము ఎంత, మైదానం ఎంత దూరమని విచారించే తల్లిదండ్రులు శిక్షకుని అర్హతను గూర్చి, పూర్వ చరిత్రను గూర్చి అడగడం అరుదు. అడిగినచో సాధారణంగా లభించే సమాధానం 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం క్రింద పొందిన పత్రమే. సంఘం చట్టబద్ధంగా ఏర్పడినదని మాత్రమే ఆ పత్రం తెలుపుతుంది. శిక్షణ నాణ్యతకు గాని, బాలల భద్రతకు గాని అది పూచీ కాదు.

ఈ వ్యత్యాసాన్ని ఇంగ్లండు చేదు అనుభవంతో గ్రహించింది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో బ్రిటిష్ ఈతగాళ్లకు శిక్షకునిగా వ్యవహరించిన పాల్ హిక్సన్‌కు, తన వద్ద శిక్షణ పొందిన బాలికలపై లైంగిక నేరాలకు గాను 1995లో 17 సంవత్సరాల కారాగార శిక్ష పడింది. అంతటి ప్రఖ్యాతి గల శిక్షకుని ఎవరు ప్రశ్నిస్తారు? 2001లో క్రీడారంగంలో బాలల రక్షణకు ప్రత్యేక విభాగం ఏర్పాటైంది. మరుసటి సంవత్సరం స్పోర్ట్ ఇంగ్లండ్ సంస్థ 'క్లబ్‌మార్క్' గుర్తింపును ప్రవేశపెట్టింది. క్రీడా కార్యక్రమాలు, సభ్యుల సంరక్షణ, స్థానిక సమాజంతో సంబంధం, సంఘ నిర్వహణ అనే నాలుగు అంశాలను పరిశీలించి ఈ గుర్తింపు ఇచ్చేవారు. పతకాల లెక్క వీటిలో ఒకటి కాకపోవడం గమనార్హం.

స్వచ్ఛంద కార్యకర్తలు నడిపే చిన్న సంఘాలకు ఇటువంటి విధానం దస్త్రాల భారమన్న మాట నిజమే. అయితే ఫిర్యాదు స్వీకరించే వ్యక్తి శిక్షకుడు కాక వేరొకరై ఉండాలన్న నియమానికి ఖర్చేమీ లేదు.

మన దేశంలో ఖేలో ఇండియా పథకం క్రింద అకాడమీలకు గుర్తింపు ఇస్తున్నారు. అది ప్రధానంగా ప్రతిభావంతులైన క్రీడాకారుల శిక్షణకు ఉద్దేశించినది. 2025 నాటి జాతీయ క్రీడా పరిపాలన చట్టం మహిళా, మైనరు క్రీడాకారుల రక్షణ విధానాన్ని ప్రస్తావించింది గాని, దాని దృష్టి జాతీయ క్రీడా సంస్థలపైనే ఉన్నది. వీధి చివరి మైదానంలో సాయంత్రం వేళ పిల్లలను ఆడించే సంఘం ఈ రెండింటికీ దూరంగానే ఉండిపోతున్నది.

ఆ సంఘం కూడా పోక్సో చట్టం-2012 పరిధిలోనిదే. తన క్రింద పనిచేసే వ్యక్తి బాలలపై నేరం చేసినట్లు తెలిసీ తెలియపరచని సంస్థ బాధ్యునికి ఒక సంవత్సరం వరకు జైలుశిక్ష, జరిమానా విధించవచ్చునని ఆ చట్టంలోని 21వ సెక్షన్ చెబుతున్నది. జిల్లా స్థాయిలో గుర్తింపు విధానం రూపొందించదలచిన అధికారులు, సంఘాల కార్యదర్శులకు ముందుగా ఈ సెక్షన్‌ను చదివి వినిపించడం మంచిది. బాలల సహాయవాణి 1098 నంబరును మైదానం గేటు వద్ద వ్రాయించడం ఆ రోజే జరగవచ్చును.