మూగభూతానికి మేళం

చీకటికి జంకని ధీరులు లోకంలో వుంటే వుండవచ్చు గాని, చీకట్లో చప్పుడు వినబడితే ఉలిక్కిపడనివారు లేరు. దయ్యాలకథ చెప్పే ముసలమ్మ అసలు ఘట్టం రాగానే గొంతు తగ్గిస్తుంది. పిల్లలు దుప్పటి ముసుగు పెట్టేది దయ్యానికి కాదు, ఆ తగ్గిన గొంతుకు. మరి గొంతే లేని దయ్యం మాటేమిటి? మూగచిత్రంలోని భూతం మనల్ని ఎలా భయపెడుతుంది?

ఊసుపోక వేసిన ప్రశ్న కాదిది. నూరేళ్లనాటి మూగ భయానక చిత్రాలకు నేటి సంగీతజ్ఞులు కొత్తగా సంగీతం కూర్చి, తెరముందు కూర్చుని, బొమ్మ నడుస్తూ వుండగానే వాయించడం పాశ్చాత్య దేశాలలో ఒక సంప్రదాయమైపోయింది. పాతబొమ్మకు కొత్తమేళం కట్టడం న్యాయమేనా అని గొణిగేవారూ వున్నారు. ఈ తగవు తీర్చడానికి 'నోస్ఫెరాటు'ను మించిన సాక్షి లేడు.

1922లో జర్మనీలో మూర్నో అనే దర్శకుడు తీసిన చిత్రమిది. కథ మాత్రం బ్రామ్ స్టోకర్ 1897లో ప్రచురించిన 'డ్రాకులా' నవలది. అనుమతి పుచ్చుకోలేదు, పేర్లు మార్చి సరిపెట్టుకున్నారు. డ్రాకులా ప్రభువు కాస్తా ఓర్లోక్ ప్రభువైనాడు. నెత్తురు తాగే ఆ ప్రభువు వేషం వేసిన నటుడు మాక్స్ ష్రెక్. బోడితల, ఎలుకపళ్లు, గద్దగోళ్లు! 'ష్రెక్' అంటే జర్మన్ భాషలో భయమని అర్థం. అది ఆయన అసలు ఇంటిపేరే కావడం విచిత్రం. ఆ ఏడు మార్చి 4న బెర్లిన్ జంతుప్రదర్శనశాలలోని పాలరాతి మందిరంలో మొదటి ప్రదర్శన జరిగింది. హాన్స్ ఎర్డ్‌మన్ ఈ చిత్రంకోసమే కూర్చిన సంగీతాన్ని వాద్యబృందం వాయించింది.

చిత్రం మూగదన్నమాటే గాని, ఆ రోజుల్లో సినిమాహాలు మూగది కాదు. పెద్దహాలులో వాద్యబృందం, చిన్నహాలులో పియానో. మన దేశంలోనయితే హార్మోనియం, తబలా.

తరువాత స్టోకర్ భార్య ఫ్లారెన్స్ వ్యాజ్యం వేసింది. చిత్రం తీసిన సంస్థ అప్పటికే దివాలా ఎత్తింది. ప్రతులన్నిటినీ నాశనం చేయవలసిందని 1925లో కోర్టు తీర్పు చెప్పింది. కథలో ఆ భూతాన్ని చంపడానికి సూర్యకాంతి కావలసివచ్చింది. కథ బయట ఒక కోర్టు ఉత్తర్వు చాలుననుకున్నారు కాబోలు. కాని అప్పటికే విదేశాలు చేరిన ప్రతులు చేతికి చిక్కలేదు. బొమ్మ బతికింది, దాని సంగీతమే పోయింది. ఎర్డ్‌మన్ తన సంగీతంలోనుంచి ఏర్చి, పది ఖండికలుగా ప్రచురించిన సంపుటి ఒకటి మాత్రం మిగిలింది. అది మొత్తం వాయించినా ముప్పావుగంట పట్టదు. బొమ్మేమో గంటన్నర నడుస్తుంది. ఆ ఖండికలనే తిప్పి తిప్పి వాడి పాత సంగీతాన్ని నిలబెట్టిన పండితులున్నారు. పూర్తిగా కొత్తది కట్టినవారూ వున్నారు. 1958నాటి ఇంగ్లీషు 'డ్రాకులా' చిత్రంలో 'డ్రా-కు-లా' అనే మూడక్షరాలనే వాద్యాలచేత పలికించిన జేమ్స్ బెర్నార్డ్, 1997లో ఈ మూగభూతానికీ ఒక మేళం కట్టాడు.

నేనీ చిత్రాన్ని మూడు విధాల చూశాను: చప్పుడు లేకుండా ఒకసారి, ఎర్డ్‌మన్ బాణీలతో ఒకసారి, కొత్త సంగీతంతో ఒకసారి. చప్పుడు లేనప్పుడు ఓర్లోక్ నాకు వింతజంతువులా కనబడ్డాడే గాని, వెన్ను జలదరించలేదు. తోలుబొమ్మలాటలో తెరవెనుక పాట ఆపి ఉత్త బొమ్మలనే ఆడిస్తే ఎలా వుంటుంది? రావణుడి పదితలలూ లెక్కపెట్టుకోవడం తప్ప చూసేవాడికి పనేముంటుంది?

భరతుడికి ఈ రహస్యం ఏనాడో తెలుసు. భయానక రసానికి విభావాలు చెబుతూ ఆయన మొదట ఎత్తుకున్నది వికృతమైన ధ్వనినే. భూతదర్శనం, నక్కలూ గుడ్లగూబలూ, పాడుబడ్డ ఇల్లు, అడవీ ఆ తరువాతివి. చెవి తరువాతే కన్నన్నమాట.

అలాగని తెరమీద భూతం కనబడగానే తప్పెట్లు మోగిస్తే సరిపోదు. కథానాయకుడు హుట్టర్ సత్రంలో పిశాచాల పుస్తకం చదివి, నవ్వి, అవతల పారేస్తాడు. అక్కడ భయంకరంగా వాయించారనుకోండి, అతను ఉత్త అవివేకి అవుతాడు. ఉల్లాసంగా వాయించారో, అతని నవ్వు చూసి మనకు గుండె గుబేలుమంటుంది. ఓర్లోక్ నీడ వేళ్లు చాచి మెట్లెక్కే ఘట్టం వుంది. అక్కడ అన్ని వాద్యాలూ ఆగిపోయి ఒక్క తీగె మాత్రం సన్నగా మూలిగితే చాలు. ఎక్కడ వాయించాలో తెలిసినవాడు విద్వాంసుడు. ఎక్కడ మానాలో కూడా తెలిసినవాడే ఈ పనికి తగినవాడు.

ఈ పనిలో లెక్కలూ లేకపోలేదు. మూగచిత్రాల కెమెరా చేతితో తిప్పేవారు గనుక వేగం ఒక్కతీరున వుండదు. సెకనుకు 18 బొమ్మలచొప్పున గంటన్నర నడిచేదాన్ని టాకీ వేగంతో, అంటే 24 చొప్పున, నడిపితే గంటా ఏడెనిమిది నిమిషాలలో అయిపోతుంది. ఓర్లోక్ ప్రభువు భూతంలా గాక బస్సు తప్పిపోతుందేమోనన్న గుమాస్తాలా పరుగెడతాడు! కాబట్టి ముందు వేగం స్థిరపరచి, ఘట్టఘట్టానికీ నిమిషాలూ సెకన్లూ కొలిచి, ఆ తరువాతనే స్వరం రాసుకోవాలి. పెద్ద బృందమయితే నిర్వాహకుడి ముందు చిన్నతెర ఒకటి పెట్టి, దానిమీద బొమ్మతోపాటు కాలం అంకెలు కూడా నడిపిస్తారు. నలుగురైదుగురి మేళమయితే, కళ్లు తెరమీదా చేతులు వాద్యంమీదా వుంచి, మనోధర్మంతో లాక్కొస్తారు. గాయకుడు తప్పిపోతే తబలావాడు సర్దుకుంటాడు గాని, బొమ్మ సర్దుకోదు. దానికి దయాదాక్షిణ్యాలు లేవు.

లాన్ చానీ వేషం వేసిన 1925నాటి అమెరికన్ చిత్రం 'ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా'లో ఇంకా పెద్ద చిక్కు. తెరమీద ముసుగుమనిషి ఆర్గన్ వాయిస్తూ వుంటాడు. వెనుకనుంచి కథానాయిక చెయ్యి చాచి ముసుగు లాగేస్తుంది. తెరమీది వేళ్లు ఆగిన క్షణంలోనే తెరముందరి వేళ్లూ ఆగాలి. రెప్పపాటు ఆలస్యమైతే హాలంతా నవ్వుతుంది.

ఇక తగవుకు వద్దాం. పాత సంగీతమే ప్రమాణమనేవారి మాట గౌరవించవలసిందే. అది మొదటి ప్రేక్షకులు విన్నది. కాని వారి చేతిలో వున్నది సగమే. మిగతా సగం ఎవరో ఒకరు పూరించక తప్పదు. ఆ పూరించేవాడు బొమ్మకు సేవ చేస్తున్నాడా, బొమ్మను తన పాటకు పీట చేసుకుంటున్నాడా అన్నదొక్కటే నేనడిగే ప్రశ్న. ఆట అయ్యాక ప్రేక్షకుడు 'ఎంత బాగా వాయించారు!' అంటే మేళం ఓడిందనే నా తీర్పు. 'ఆ మెట్లమీది నీడ!' అన్నాడా, గెలిచినట్టే.

ఇదంతా మనకెందుకంటారా? రఘుపతి వెంకయ్యగారూ, వారి కుమారుడు ప్రకాశ్‌గారూ 1920లలో మద్రాసులో తీసిన 'భీష్మప్రతిజ్ఞ' కోసం మన వీణలూ మృదంగాలూ ఎంత శ్రుతి చేసుకుని కూర్చున్నా లాభం లేదు. వాయించడానికి ముందర బొమ్మ లేదు. ఏ కోర్టూ నాశనం చెయ్యమనకుండానే పోగొట్టుకున్నాం. బొమ్మ మిగిలిన జాతి ప్రతి తరంలోనూ దానికి కొత్తగొంతు ఇచ్చుకుంటున్నది. అది అపచారం కాదు, అదృష్టం.

'నోస్ఫెరాటు' చివర కోడి కూస్తుంది. ఓర్లోక్ తల ఎత్తుతాడు, పొద్దు పొడుస్తుంది, పొగై పోతాడు. మూగచిత్రం గనుక ఆ కూత మనకు వినబడదు. తెరముందు కూర్చున్న ఎవరో ఒక ఆసామి సన్నాయివంటి వాద్యమెత్తి, సరిగ్గా ఆ క్షణానికి ఊదాలి. నూరేళ్లుగా ఆ భూతం చచ్చేది అతని ఊపిరితోనే.