సేవ్ చేస్తే ఎక్కడికెళ్తుంది?

"సేవ్ నొక్కాను సార్. ఇప్పుడది ఎక్కడికెళ్లింది?"

తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగిన ఈ ప్రశ్నకి నేను నీళ్లు నమిలాను. సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నా. ఆపరేటింగ్ సిస్టమ్స్ పరీక్షలో ఫైల్ అలొకేషన్ మీద పేజీలకి పేజీలు రాసొచ్చిన వాణ్ణి. అయినా ఆ పాపకి అర్థమయ్యే మాట ఒక్కటీ నోటికి రాలేదు.

ఎన్‌ఎస్‌ఎస్ తరఫున మేం నలుగురం పోయిన ఏడాది నుంచి శనివారాలు మన కాలేజీకి దగ్గర్లో ఉన్న జిల్లా పరిషత్ హైస్కూల్‌కి వెళ్తున్నాం. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకి కంప్యూటర్ నేర్పడం మా పని. ల్యాబ్‌లో పన్నెండు సిస్టమ్‌లు ఉన్నాయి, పనిచేసేవి ఏడు. ఒక్కోదాని ముందు ఐదుగురు పిల్లలు. దీన్నే తక్కువ అనుకున్నాను గానీ, యూడైస్ ప్లస్ 2023-24 నివేదిక చూస్తే దేశంలో పనిచేసే కంప్యూటర్ ఉన్న బడులు 57 శాతమే. మిగతా చోట్ల ఆ ఏడు కూడా లేవు.

మొదటి శనివారం నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. బోర్డు మీద డబ్బాలు గీసి ఇన్‌పుట్, సీపీయూ, అవుట్‌పుట్ అని బాణాలు వేశాను. పిల్లలు బుద్ధిగా నోట్స్ రాసుకున్నారు. ఒక కుర్రాడు లేచి కంప్యూటర్ ఫుల్ ఫామ్ గడగడా అప్పజెప్పాడు: కామన్ ఆపరేటింగ్ మెషీన్ అంటూ మొదలయ్యే ఆ పాఠం మనందరం చిన్నప్పుడు బట్టీ కొట్టిందే. నిజానికి ఆ మాటకి ఫుల్ ఫామ్ అంటూ ఏదీ లేదు. లెక్క కట్టడం అనే అర్థమున్న కంప్యూట్ నుంచి వచ్చిన మామూలు మాట అది. యంత్రాలు రాకముందు కూర్చుని లెక్కలు కట్టే మనుషుల్నే కంప్యూటర్లు అనేవాళ్లు. లేని ఫుల్ ఫామ్ బట్టీ పట్టించాం, సేవ్ చేసింది ఎక్కడుందో మాత్రం చెప్పలేదు. మన కంప్యూటర్ చదువు సంగతి ఇదీ.

"ఈ రోజుల్లో పిల్లలకి నేర్పేదేముంది, పుట్టగానే ఫోన్ పట్టుకుంటున్నారు కదా" అని మా రూమ్‌మేట్ అంటాడు. నిజమే, ఫోన్ వాళ్లకి బాగా వచ్చు. రీల్స్ ఎడిటింగ్‌లో నాకే పాఠాలు చెప్పగలరు. అసర్ 2024 సర్వే కూడా పల్లెల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం తెలుసని చెప్తోంది. కానీ ఫోన్ ఫైల్‌ని కంటికి కనపడనివ్వదు. ఫొటో గ్యాలరీలో ఉంటుంది, పాట యాప్‌లో ఉంటుంది, అంతే. ఎక్కడ దాచాం, ఏ పేరుతో దాచాం అనే ఆలోచనే రానివ్వదు. అందుకే ఆ అమ్మాయి అడిగింది తెలివితక్కువ ప్రశ్న కాదు. ఆ గదిలో ఆ రోజు పుట్టిన అసలైన ప్రశ్న అదొక్కటే.

జవాబు చివరికి స్టాఫ్‌రూమ్‌లో దొరికింది. పిల్లల్ని అక్కడి బీరువా దగ్గరికి తీసుకెళ్లాం. డ్రైవ్ అంటే ఈ బీరువా, ఫోల్డర్ అంటే అందులో అర, ఫైల్ అంటే అరలో ఉన్న హాజరు పట్టీ. అట్ట మీద తరగతి పేరు రాయకుండా పెడితే రేపు మేడం ఎలా వెతుక్కుంటారు? అప్పటిదాకా అన్‌టైటిల్డ్ 1, అన్‌టైటిల్డ్ 2 అని పోగుపడ్డ ఫైళ్లకి ఆ రోజే పేర్లొచ్చాయి. ఇక కంట్రోల్ ఎస్ నొక్కడం మాకంటే బాగా నేర్పింది కరెంటే. యూపీఎస్ బ్యాటరీలు ఎప్పుడో చచ్చిపోయాయి కాబట్టి, రెండుసార్లు పోయేసరికి అందరికీ అలవాటైపోయింది.

ఇంకో సంగతి కూడా కళ్లారా చూశాం. ఐదుగురిలో మౌస్ ఎప్పుడూ ఒక మగపిల్లాడి చేతిలోనే ఉండేది. ఆడపిల్లలు వెనక నిలబడి నోట్స్ రాసుకునేవాళ్లు. "మీరూ చెయ్యండమ్మా" అని మెత్తగా చెప్తే ఏమీ మారలేదు. పది నిమిషాలకోసారి కుర్చీ మారాల్సిందే అని రూల్ పెట్టి, గడియారం చూసే డ్యూటీ ఒకరికి అప్పగించాకే మారింది. సిస్టమ్‌లు ఉన్నాయా అని అడిగే అధికారులు ఆ మౌస్ ఎవరి చేతిలో ఉందో కూడా అడగాలి.

ఇదంతా ఎందుకింత పట్టించుకుంటున్నానంటే, నేనూ అలాంటి బడి నుంచే వచ్చాను. ఇంటర్ అయ్యాక వెబ్ ఆప్షన్లు పెట్టడానికి నేను, మా ఫ్రెండ్ ఒకడు ఊళ్లో ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లాం. కాలేజీ కోడ్‌లన్నీ వరసగా తెల్లకాగితం మీద రాసుకెళ్లాం. కీబోర్డు ముట్టుకునే ధైర్యం ఇద్దరికీ లేదు. సెంటర్ అతనే చకచకా కొట్టేశాడు, పాస్‌వర్డ్ కూడా అతనే పెట్టి తన పుస్తకంలో రాసుకున్నాడు. మావాడి కాగితంలో నాలుగో వరసలో ఉన్న కాలేజీ స్క్రీన్ మీద అట్టడుగుకి పోయింది. వాడు ఫ్రీజ్ చేసే ముందు చూసుకోలేదు, చూసుకోవాలని తెలీదు కూడా. ర్యాంకుకి అందేవాటిలో పైన ఏది ఉంటే అదే ఇస్తారు కదా. ఇంటి నుంచి బస్సులో రోజూ వెళ్లొచ్చే సీటు పోయి, హాస్టల్లో ఉండి చదవాల్సిన ఊళ్లో సీటొచ్చింది. ఆ హాస్టల్ ఫీజు వాళ్ల నాన్న ఇప్పటికీ కడుతున్నాడు.

సెంటర్ అతన్ని తప్పుపట్టను. బయట ముప్పై మంది క్యూలో ఉన్నారు. తప్పల్లా పదేళ్లు చదివించి కూడా సొంత ఫామ్ సొంతంగా నింపుకునే పాటి పని మాకు నేర్పకపోవడంలో ఉంది. పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్, ట్రిపుల్ ఐటీ, స్కాలర్‌షిప్, ఆ తర్వాత ఉద్యోగం నోటిఫికేషన్ దాకా ప్రతి గుమ్మం ముందూ ఒక ఆన్‌లైన్ ఫామ్ ఉంది. మార్కుల మెమోలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉన్న ఇంటిపేరు దగ్గర ఎంతమంది ఆగిపోతారో మీకూ తెలుసు.

"ఏఐ వచ్చేసింది, ఇంకా టైపింగ్ ఏంటి, నోటితో చెప్తే అదే నింపేస్తుంది" అంటారా? నింపనివ్వండి. నింపింది సరిగ్గా ఉందా లేదా అని చూడాల్సింది మనమే కదా. చూడటం నేర్పని పిల్లాడికి సెంటర్ అతనైనా ఏఐ అయినా ఒకటే.

తెలుగు సాహితీ క్లబ్ పత్రిక కాబట్టి ఈ మాట కూడా చెప్పాలి. మేం మొదట అన్నీ ఇంగ్లీషులోనే టైప్ చేయించాం. పిల్లలు పుస్తకం చూసి అక్షరం అక్షరం కాపీ కొట్టారే తప్ప సొంతంగా ఒక్క వాక్యం రాయలేదు. నాలుగో వారం కీబోర్డుని తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌కి మార్చాం. "అమ్మ అని కొట్టాలి, మ వత్తు ఏ కీలో ఉంది అన్నా?" అని అడిగారు. అప్పటికి సార్ పోయి అన్న అయ్యాను. వత్తుకి వేరే కీ లేదు. షిఫ్ట్ పట్టుకుని డి నొక్కితే అ, సి నొక్కితే మ, మళ్లీ ఉత్త డి నొక్కితే పొల్లు, ఇంకోసారి సి. మ్ పక్కన మ రాగానే స్క్రీన్ మీద వత్తు దానంతటదే కిందికి దిగింది. "ఇది మా తెలుగు మేడం చెప్పిన ద్విత్వాక్షరమే కదా!" అని ఒకమ్మాయి అరిచింది. బీరువా ప్రశ్న అడిగింది కూడా తనే.

ఆ తర్వాత రెండు వారాలకి పిల్లలే ఒక ఉత్తరం టైప్ చేశారు. బడిలో మంచినీళ్ల కుళాయి పనిచెయ్యట్లేదని హెడ్మాస్టరు గారికి. పది లైన్లలో ఆరు తప్పులు. వాళ్లే దిద్దుకున్నారు, వాళ్లే ప్రింట్ తీసుకుని ఇచ్చారు. కొన్నాళ్లకి కుళాయి బాగైంది. ఉత్తరం వల్లే అయ్యిందో కాదో నాకు తెలీదు, పిల్లలు మాత్రం ఉత్తరం వల్లే అంటారు.

నా అభిప్రాయం ఇంతే. హైస్కూల్లో కంప్యూటర్ అంటే భాగాల పేర్లు, ఫుల్ ఫామ్‌లు కాదు. ఫైల్‌కి పేరు పెట్టి దాచి మళ్లీ తియ్యడం, తెలుగులో ఒక పేజీ రాయడం, ఫామ్ నింపి సబ్మిట్ నొక్కే ముందు రెండుసార్లు చదవడం, ఫోన్ నంబర్‌నో పుట్టినరోజునో పాస్‌వర్డ్‌గా పెట్టకపోవడం, ఓటీపీ ఎవరికీ చెప్పకపోవడం. ఇవి వచ్చాక కోడింగ్ అయినా ఏఐ అయినా నేర్పొచ్చు. ఇవన్నీ నేర్పడానికి మాకు పట్టింది ఎనిమిది శనివారాలు, రోజుకి రెండు గంటలు.

మా నలుగురిలో ఇద్దరు ఫైనలియర్. వచ్చే సెమిస్టర్ నుంచి వాళ్లు రారు. బ్రాంచ్ ఏదైనా పర్లేదు, సివిల్ వాళ్లూ రావచ్చు. శనివారం మధ్యాహ్నం రెండింటికి మెయిన్ గేట్ దగ్గర ఉంటాం. వచ్చే ముందు ఒక్కటి ఆలోచించుకుని రండి. సేవ్ చేస్తే ఎక్కడికెళ్తుందని అడిగితే మీరేం చెప్తారు?