తలదెబ్బకు సరైన కోడు వ్రాయవలసిందే!



పట్టాల మీద పనిచేస్తూ తలకు దెబ్బ తగిలిన ట్రాక్‌మన్, ఉత్తరాల సంచితో పోతూ రోడ్డు ప్రమాదానికి గురైన పోస్టుమాన్ ఆసుపత్రి విడిచేనాడు ఒక కాగితము అందుకుంటారు. అందులో రోగ నిర్ణయము, దానికొక కోడు ఉంటాయి. ఆ కోడును చదివేవారు అరుదు. కాని ఆ కార్మికుని భావి జీవితము తరచు దానిపైనే ఆధారపడుతున్నది.

ప్రపంచ ఆరోగ్య సభ 1990లో ఆమోదించిన పదవ వ్యాధి వర్గీకరణలో ఎస్ 06 అనగా కపాలము లోపలి గాయము. ఎస్ 09.9 అనగా వివరము నిర్ణయించని తలగాయము. మొదటిది వ్రాయవలసిన చోట రెండవది వ్రాస్తే మెదడు దెబ్బతిన్న సంగతే రికార్డునుండి మాయమవుతుంది. గాయము పనికి సంబంధించినదని తెలిపే వై 96 కోడు కూడ ఆ వర్గీకరణలోనే ఉన్నది. అది వ్రాయకపోతే డ్యూటీలో తగిలిన దెబ్బ ఎవరికీ చెందని దెబ్బగా మిగులుతుంది.

"స్వల్ప గాయమే కదా" అంటారు. 1974లో గ్లాస్గోలో రూపొందిన స్పృహ కొలమానములో 13 నుండి 15 వరకు వస్తే స్వల్పమని వ్యవహారము. అది తొలి గంటలలోని స్పృహకు కొలత. ఆరు నెలల తరువాతి జ్ఞాపకశక్తికి కాదు. స్కానులో ఏమీ కనపడకున్నా తలనొప్పి, మతిమరుపు, ఏకాగ్రతా లోపము మిగలవచ్చును. వాటికి ఎఫ్ 07.2, టి 90.5 అనే కోడులు ఉండనే ఉన్నవి.

1923 నష్టపరిహార చట్టపు షెడ్యూలు బొటనవ్రేలు పోతే 30 శాతము, చూపుడువ్రేలు పూర్తిగా పోతే 14 శాతము అని లెక్క కట్టింది. పోయిన జ్ఞాపకశక్తికి అందులో వరుసే లేదు. అట్టి నష్టాన్ని వైద్యుడే అంచనా వేయాలి. అంచనాకు ఆధారము ఆసుపత్రి కాగితమే.

కోడులు గణాంకాల కొరకే గాని పరిహారము కొరకు కాదని అధికారులు వాదించవచ్చును. పుట్టుక గణాంకాల కొరకే; నిజమే. అయితే కార్మికుని క్లెయిము త్రోసివేసేటప్పుడు "రికార్డులో మెదడు గాయము లేదు" అని అదే కాగితాన్ని ఎందుకు చూపుతున్నారు?

ఉద్యోగకాలములో వికలాంగుడైన ప్రభుత్వోద్యోగిని తొలగించరాదని, హోదా తగ్గించరాదని 2016 వికలాంగుల హక్కుల చట్టము 20(4) సెక్షను శాసిస్తున్నది. రుజువు లేని వైకల్యానికి ఆ రక్షణ దక్కడము దుర్లభము.

కనుక మేము డిమాండు చేస్తున్నాము: తలగాయమును నిర్దిష్టమైన కోడుతో నమోదు చేయాలి, ప్రమాద కారణము, డ్యూటీ సంబంధము తప్పక వ్రాయాలి, నెలల తరువాత బయటపడే లక్షణాలను తొలి గాయముతో జోడించాలి.

ప్రతి బ్రాంచి గాయపడిన సభ్యుని రికార్డుల నకలు వెంటనే కోరాలి. కోరిన 72 గంటలలో ఇవ్వాలని 2002 వైద్య నీతి నిబంధనలు చెప్పుచున్నవి. కోడు తప్పైతే ఆనాడే వ్రాతమూలకముగా సవరణ కోరుదాము. కనపడని గాయము కూడ గాయమేనని సమష్టిగా నిరూపిద్దాము!