ఇరుసు ఓరిమి

ద్రాక్షారామపు పల్లపు చేలకు గోదావరి కాలువ నీరు దానంతట పారును. మెరక చేలకు తోడవలెను. ఈ పనికి తెలుగునాట పేరుపడినవి లిస్టరు తరహా ఆయిలు ఇంజన్లు. నాటి ఇనుము గొప్పది గనుకనే అవి మన్నినవని పెద్దలందురు. ఇనుమును తక్కువ చేయను గాని, అసలు రహస్యము వేగమున నున్నది. ఆరు గుర్రాల బలముగల ఆ ఇంజను నిమిషమునకు 650 చుట్లే తిరుగును.

అదే ఇంగ్లండు చేసిన ఎం.జి.బి. స్పోర్ట్సు కారు ఇంజను ఐదువేల చుట్లు దాటును. 1962లో దాని క్రాంకుషాఫ్టుకు మూడు బేరింగులే ఆసరా. 1964లో ఐదు చేసిరి. వేగము రెట్టింపైనచో పిస్టను ఊపువలన షాఫ్టుపై పడు బలము నాలుగింతలగును. ఆ పోటుకు సన్నని పగులు పుట్టి, లోలోన పెరిగి, ఒకనాడు షాఫ్టు విరుగును.

నాట్ల తొందరలో గవర్నరు స్ప్రింగు బిగించి వేగము పెంచు రైతు నేటి నీటిని రేపటి అప్పుతో కొనుచున్నాడు. షాఫ్టు ఆనాడే విరుగదు. పైరు పొట్టమీదనున్నప్పుడు విరుగవచ్చును. కావున వేగపు హద్దును ఇంజనుపై తెలుగున చెక్కవలెను. నడుపువాడు చదువలేని హద్దు హద్దే కాదు.